ఋణవిమోచనము - పండుగ పద్దు

"అప్పుచేసి పప్పుకూడు" అను సామెత నెరుగని తెలుగువాడుండడు. దీనిని మనము సాధారణముగా నొక్క అర్థముననే వాడుచుందుము. అప్పున్నవాడు రుచి నెరుగరాదు, తిరునాళ్లకు పోరాదు, పిల్లలకు క్రొత్తబట్ట కుట్టింపరాదు, నలుగురిలో నవ్వరాదు అని. కాని సామెత ఆ మాట చెప్పుట లేదు. పప్పుకూటికై క్రొత్తగా అప్పుచేయుటను మాత్రమే అది ఆక్షేపించుచున్నది. చేసిన అప్పు తీరువరకును పప్పు ముట్టవలదని అందులో నెక్కడను లేదు. ఈ రెంటికిని గల భేదమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఈ సంగతి గ్రామపెద్దలతో చెప్పుటకు కారణము కలదు. అప్పుపడిన వాడు బ్యాంకునకు పోవుటకు ముందో, పోయి వచ్చిన పిమ్మటనో, మీ అరుగుమీదికి వచ్చి కూర్చుండును. "అయ్యా, నా లెక్క కొంచెము చూడుడు" అనును. 2019వ సంవత్సరమున జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వ్యవసాయ కుటుంబములలో నూటికి 93, తెలంగాణమున నూటికి 91కి పైగా అప్పులో నున్నవి. దేశము మొత్తముమీద చూచిన నూటికి 50 మాత్రమే. ఆంధ్రప్రదేశమున కుటుంబమునకు సగటు అప్పు 2,45,000 రూపాయలకు పైబడినది. కాబట్టి మీ అరుగుమీదికి వచ్చువాడు ఊరిలో ఏ యొక్కడో కాడు, దాదాపు ఊరంతయును.

వచ్చినవానికి మనమిచ్చు సలహా యేమి? "నోరు కట్టుకో, ఖర్చులన్నియు మానుకో, అప్పు తీర్చుకో." సలహా మంచిదే. వినువాడును నిజముగనే ఒప్పుకొనును. నాకు తెలిసిన యింట ఇట్లే జరిగినది. యజమాని పట్టుదల గలవాడు. ఇంట నూనె తగ్గించెను, సంక్రాంతికి పిండివంట మాన్పించెను, ఆడబిడ్డను పండుగకు పిలువలేదు. ఏడెనిమిది నెలలు గడచునప్పటికి ఇంటిలో ఎవరి మొగము ఎవరు చూచుటయు లేదు. తరువాతి పండుగకు పిల్లవాడు తోడివారి బట్టలు చూచి యేడ్చెను. ఆ తండ్రి ఆ సాయంకాలమే పోయి నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి, బట్టలు, బాణసంచా, విందు - అన్నియు ఒక్కసారిగా జరిపించెను. ఎనిమిది నెలల ఉపవాసము ఒక్క పూటలో తీర్చుకొనెను. ఆ 20,000 మీద ఒక యేటి వడ్డీయే 7,200 రూపాయలు. ఇది ఆయన దుర్గుణమని నేననుకొనను. ఊపిరి బిగబట్టినవాడు విడిచినప్పుడు గట్టిగనే విడుచును.

అప్పుపడినవాడు మొదట మానుకొనునది పండుగ. పిమ్మట మానుకొనునది నలుగురిలోనికి వచ్చుట. రచ్చబండకు రాడు, భజనకు రాడు, పెండ్లికి పిలిచినను ఏదో మిష చెప్పును. అక్కడనుండి పోయెడి దారి యెంత అపాయకరమైనదో మన రెండు రాష్ట్రముల రైతు కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేతనే ఈ వినోదపు పద్దును నేను చిన్న సంగతిగా ఎంచను.

రైతు అప్పునకు పండుగలును పెండ్లిండ్లునే కారణమను నమ్మకము మనకే కాదు, పూర్వపు దొరలకును ఉండెడిది. 1875వ సంవత్సరము మే నెలలో పుణే జిల్లా సూపా గ్రామమున మొదలిడి అహమదునగరు జిల్లావరకు రైతులు వడ్డీ వ్యాపారుల యిండ్లపై బడి అప్పుపత్రములు తగులబెట్టిరి. దానిపై విచారణకై ప్రభుత్వమొక సంఘమును నియమించెను. రైతుల అప్పులకు వివాహాది శుభకార్యముల వ్యయమే మూలమను వాదమునకు మితిమీరిన ప్రాధాన్యమీయబడినదని ఆ సంఘమువారే వ్రాసిరి. తిండి, బట్ట, విత్తనము, ఎద్దులు, శిస్తు - ఇట్టి చిన్నచిన్న అవసరములకు తెచ్చిన సొమ్ము వడ్డీతో పెరిగి కొండయగుట వారు గుర్తించిరి. పెండ్లి ఖర్చు నిర్దోషియని నా భావము కాదు. దాని మాట తరువాత చెప్పెదను. కాని పిల్లవాని రంగులరాట్నపు రూకల మీద నేరమంతయు మోపుట లెక్క తెలియనివారి పని.

ఇక లెక్కయే చూతము. ఒక కుటుంబమునకు లక్ష రూపాయల అప్పు, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అనుకొందము. ఏటికి నూటికి 24 అన్నమాట. పాడియు, కూలియు, చిన్న దుకాణమునుగల యిల్లు. తిండితిప్పలు పోగా నెలకు 5,000 మిగులుచున్నది. ఆ 5,000 మొత్తమును అప్పునకే కట్టినచో మొదటి నెల 2,000 వడ్డీకి పోయి 3,000 అసలులో తగ్గును. ఆపై వడ్డీ నెలనెలకు తగ్గుచు, 26వ వాయిదాతో అప్పు తీరిపోవును. అట్లుగాక నెలకు 500 ఇంటి సంతోషమునకు విడిచి 4,500 కట్టినచో 30వ వాయిదాతో తీరును. అదనముగా నాలుగు నెలలు, వడ్డీ రూపమున సుమారు 4,600 రూపాయలు. ఈ ముప్పది నెలలలో ఇంటివారి సంతోషమునకు వచ్చినది 15,000. దాని వెల ఆ 4,600. వెల లేదని నేను చెప్పను, ఉన్నది. కాని పైన చెప్పిన యింట ఒక్క పండుగపూట తెచ్చిన చేటు ఏటికి 7,200, అదియు అసలు తీరక మునుపు.

ఈ లెక్కలో ఇంకొక సంగతి కలదు. మిగులు 5,000 గాక 3,500 మాత్రమే యున్నచో, అందులోనుండి 500 తీసినపుడు 43 నెలలు కావలసినది 56 నెలలగును. వడ్డీకే 2,000 పోవుచోట ప్రతి రూపాయయు బరువైనదే. అట్టివాడు 500 గాక 100తో సరిపెట్టుకొనవలెను. ముందుగా వడ్డీ తగ్గించుకొను మార్గము చూడవలెను. కాబట్టి ఇంతయని అందరికి నొక్కటే కొలత చెప్పువాని మాట నమ్మకుడు. మిగులులో పదియవ వంతు అను మాట మొదట వడ్డీ కట్టిన పిమ్మట అసలులోనికి తగినంత పోవువారికే చెల్లును.

పంట మీదనే ఆధారపడినవారికి నెలసరి వాయిదా కుదరదు. వారికి వాయిదా ధాన్యము కాటా వేసిన దినమే, ప్రత్తి అమ్మిన దినమే. ఆ దినముననే, సొమ్ము ఇంటికి రాకమునుపే, మూడు మూటలుగా చేయవలెను: అప్పునకు, ఇంటి గడుపునకు, పండుగ పద్దునకు. చేతికి వచ్చిన పిమ్మట ఒక్క మూటగా నుండిన సొమ్ము ఎన్నడును మూడు కాలేదు.

పండుగ పద్దునకు నేను చూచినంతలో మన పాత మట్టిముంతకు మించిన ఉపాయము లేదు. చీలికగల ముంత, పగులగొట్టినగాని సొమ్ము రాదు. డ్వాక్రా సంఘములలో పొదుపు నేర్చిన మన ఆడవారికి ఇది చెప్పవలసిన పనియే లేదు. ముంతలోని సొమ్ము దేనికి వాడవలెనో నిర్ణయించునది యజమాని యొక్కడే కారాదు. ఇంటి యిల్లాలు, పిల్లలు, ముసలితల్లి - అందరి మాటయు వినవలెను. యజమానికి విందు భోజనము ముఖ్యమని తోచవచ్చును. తల్లికి కావలసినది మనుమరాలు నాలుగు దినములు వచ్చి యుండుటయే కావచ్చును. దానికి బస్సు ఖర్చు తప్ప మరేమి?

మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్ల కొకసారి వచ్చును. అక్కడ భక్తులు తమ యెత్తు బంగారము తూచి యిత్తురు. ఆ బంగారమనగా బెల్లము. రెండేండ్ల ముందే తెలిసిన జాతరకు జాతర ముందటి వారమున అప్పుచేయుట ఏల? నెలకు 100 చొప్పున ముంతలో వేసినచో 2,400 అగును. ఇంటివారందరికి ప్రయాణము కాకున్నను బెల్లమునకు, ఇద్దరి దారి ఖర్చునకు చాలును. పోయివచ్చువరకు ఆ ఇంట ఎదురుచూచుటకు ఒకటున్నది. ఎదురుచూచుట కూడ సంతోషమే; దానికి వడ్డీ లేదు.

పెండ్లి మాట తరువాత చెప్పెదనంటిని. పెండ్లి ఖర్చు ముంతలోనిది కాదు. ముంత సంతోషము ఇంటివారి కన్నుల యెదుట జరుగునది. పెండ్లి ఖర్చు ఊరివారి కన్నులకొరకు జరుగునది. ఎన్ని బండ్లు, ఎన్ని రకముల వంటలు, ఎంత పెద్ద పందిరి అను పోటీ అప్పున్నవాడు ఒంటరిగా మానలేడు. మానినచో "చేతగానివాడు" అందురని భయము. ఇక్కడ పని మీదే. ఊరిలో నలుగురు కలవారు తమ యిండ్లలో పందిరి చిన్నది చేసినచో, లేనివాడు తలయెత్తుకొని తానును చిన్నది చేయగలడు. కలవాడు మానక లేనివానికి బుద్ధిచెప్పుట వినసొంపుగా నుండదు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 నుండి చట్టరీత్యా నేరమని యెల్లరెరుగుదురు. దానికై పొలము వ్రాసియిచ్చినవారిని కూడ ఎరుగుదురు.

ఏ యప్పు ముందు తీర్చవలెనను ప్రశ్న తరచుగ వచ్చును. వడ్డీ హెచ్చుగ నున్నది ముందు. కిసాన్ క్రెడిట్ కార్డు క్రింద 3 లక్షలవరకు పంట ఋణమునకు ఇటీవలి యేండ్లలో వడ్డీ నూటికి ఏటికి 7; గడువులో తీర్చినవారికి అందు 3 తగ్గి 4 మాత్రమే పడుచున్నది. అదే వేళ ప్రోనోటు మీద ఏటికి 24, 36 పోవుచుండగా, బ్యాంకువారి నోటీసు ప్రోనోటు వానికంటె భయంకరముగా కనబడుటచేత ముందది కట్టుదుము. గడువు దాటనీయక బ్యాంకుది కట్టుచు, మిగిలిన ప్రతి రూపాయయు ప్రోనోటు మీద పెట్టవలెను. సెల్‌ఫోనులో నిమిషములో సొమ్మిచ్చువారి అప్పు వీటన్నిటికంటె ముందు వదలించుకొనదగినది. అది తీసికొనక మునుపే మిమ్ము అడిగిన వానికి మీరు చేయగల మేలు ఇంకను గొప్పది. ఒక్క మినహాయింపు: పొరుగువాడు తన కష్టకాలమున విశ్వాసముతో ఇచ్చిన చేబదులు చిన్నదైనచో వడ్డీ లేకున్నను త్వరగా తీర్చివేయుట మేలు. వీధిలో అతని కన్ను తప్పించి పోవలసిన బాధ తగ్గును. ఆ బాధను ఏ లెక్కలో వ్రాయుదుము?

ఒక్క షావుకారు వద్దనే రెండు మూడు నోట్లున్నచో సొమ్ము కట్టునప్పుడు "ఇది ఫలానా నోటు క్రింద" అని స్పష్టముగా చెప్పి కట్టవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, అట్లు చెప్పి కట్టిన సొమ్మును పుచ్చుకొన్నవాడు దానికే జమ కట్టవలెను. ఊరక కట్టినచో తన యిష్టము వచ్చిన బాకీ క్రింద, గడువు దాటిపోయిన బాకీ క్రింద సైతము, అతడు జమ కట్టుకొనవచ్చును. ఎంత నమ్మకస్థుడైనను నోటు వెనుక చెల్లు వ్రాయించుట మానరాదు. ఋణగ్రస్తుని సంతకముతో గడువులోపల వ్రాసిన చెల్లు అప్పిచ్చిన వానికి మరల మూడేండ్ల గడువు నిచ్చును గనుక ఆయనయు దావా వేయుటకు తొందరపడడు.

మాఫీ వచ్చునని చూచుచు కూర్చుండువారు కొందరు. 2008లో కేంద్రప్రభుత్వమును, 2014 ఎన్నికల పిమ్మట రెండు రాష్ట్రములును, 2024లో తెలంగాణము 2 లక్షలవరకును పంట ఋణములు మాఫీ చేసినవి. వచ్చినపుడు కాదనవలసినది లేదు. అయితే అవన్నియు బ్యాంకు, సహకార సంఘముల బాకీలకే గాని ప్రోనోటు బాకీలకు గావు. ఇంటి నడుము విరుచునది ఆ ప్రోనోటే. ప్రైవేటు బాకీలను సైతము తగ్గించినది 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము. 1932 అక్టోబరు మొదటి తేదీకి పూర్వపు బాకీలకు 1937 అక్టోబరు మొదటి తేదీనాటికి నిలిచిన వడ్డీ నది కొట్టివేసినది. అట్టిది తరచుగ వచ్చునది కాదు.

పంట పోయిన యేడు ముంత మాటేమి? మొదట ముంతనే పగులగొట్టవలెనని తోచును. నేనైతే పద్దు సగము చేయుదును గాని మూయను. అట్లే పంట బాగుగ పండిన యేడు, అనుకోని సొమ్ము చేతికి వచ్చినపుడు, పదింట తొమ్మిదివంతులు అప్పునకు పంపి ఒక వంతు మాత్రము ఇంట నుంచుదును.

చివరి వాయిదా కట్టిన దినమున ప్రోనోటు తిరిగి చేత పుచ్చుకొనుడు. దాని మీద పూర్తిగా చెల్లినట్లు షావుకారుచే వ్రాయించి సంతకము చేయించుడు. పొలము తనఖా రిజిస్టరు అయి యున్నచో విడుదల పత్రమును సబ్‌రిజిస్ట్రారు కచ్చేరిలో రిజిస్టరు చేయించువరకు పని పూర్తికాలేదు; ఎన్ని కుటుంబములో ఈ ఒక్కటి మరచి, పదేండ్లకు పొలము అమ్మబోయినపుడు చిక్కులు పడుచున్నవి. ఆ కాగితములన్నియు ఒక గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టిన పిమ్మట ముంత దించి, ఈ మారు దేనికి పగులగొట్టవలెనో ఇంటి పిల్లలను అడుగుడు.