ఎక్సెప్షనబుల్ అంటే మెచ్చుకోవటం కాదబ్బాయ్

ఉద్యోగానికి పెట్టే అప్లికేషన్లో 'మై రికార్డ్ ఈజ్ ఎక్సెప్షనబుల్' అని రాశావనుకో. నీ లెక్కలో దానర్థం, నా రికార్డు చానా గొప్పది అని. చదివే ఆయనకి తెలిసేది మాత్రం, 'నా రికార్డులో వంక పెట్టాల్సినవి ఉన్నాయి' అని. నువ్వు రాయాల్సింది ఎక్సెప్షనల్. మాట చివర తోక మారింది, అంతే, పొగడ్త కాస్తా ఫిర్యాదయ్యి కూర్చుంది.

ఎక్సెప్షనబుల్ అంటే ఆక్షేపించదగ్గది, తప్పుపట్టదగ్గది. ఇంగ్లీషోళ్లు కూడా దీన్ని అరుదుగానే వాడతారు. బిట్లు తయారుచేసేవాళ్లకి మాత్రం ఇట్టాంటి మాటలంటే మహా ఇష్టం.

అసలు 'ఎక్సెప్షన్' అనే మాటకే రెండు అర్థాలున్నాయి. ఒకటి మనకి తెలిసిన మినహాయింపు. రెండోది అభ్యంతరం. పేపర్లో 'కోర్ట్ టుక్ ఎక్సెప్షన్ టు ద డిలే' అని పడితే, ఆలస్యాన్ని కోర్టు పోనీలే అని వదిలేసిందని కాదు, దాన్ని తప్పుపట్టిందని. (ఫీజు మినహాయింపుకి మనం ఇదే మాట వాడేస్తుంటాం. అదీ తప్పే, దానికి ఇంగ్లీషులో ఎగ్జెంప్షన్ అని వేరే మాట ఉంది.)

ఈ రెండు అర్థాలు ఎట్టా కలిసినయ్యంటే, మాటకి మూలం లాటిన్. బయటికి తీయటం అని అర్థం. పాత రోమన్ల కోర్టుల్లో ఒకడు దావా వేస్తే, రెండోవాడు 'అయితే అయ్యిందిగానీ, ఫలానా కారణం చేత నామీద ఇది చెల్లదు' అని అడ్డం చెప్పేవాడు. ఆ అడ్డుమాటనే 'ఎక్సెప్షియో' అన్నారు. నన్ను మినహాయించండని అడగటం, నీ దావాకి అభ్యంతరం చెప్పటం, రెండూ ఒకే నోట వచ్చినయ్యన్నమాట.

ఇదేదో పరాయోళ్ల తిక్క అనుకోమాక. సంస్కృత వ్యాకరణంలో మామూలు సూత్రాన్ని ఉత్సర్గం అంటారు, దానికి మినహాయింపుని అపవాదం అంటారు. అదే మాట మన ఇళ్లల్లోకి వచ్చేసరికి అపవాదు, అంటే నింద.

పల్నాట్లో పుట్టినోళ్లకి ఇక్కడ నాయకురాలు నాగమ్మ గుర్తురాకపోతే ఎట్టా? 12వ శతాబ్దంలో, గురజాల నలగామరాజు కొలువులో ఒక ఆడమనిషి మంత్రి. ఆ కాలానికి అది ఎక్సెప్షనల్. కోడిపందెంలో మోసం చేసింది, కారెంపూడి యుద్ధానికి ఆమే కారణం అని కథ చెప్పేవాళ్ల లెక్కలో ఆమె నడత ఎక్సెప్షనబుల్. నన్నడిగితే ఎత్తులు రెండు వైపులా ఉన్నాయి, అపవాదు మాత్రం ఎక్కువ ఆమె మీదే పడింది. అందరికీ ఉన్న కట్టు దాటి బయటికొచ్చిన మనిషిలో వంకలు వెతకటం మనకి అప్పటినుంచీ అలవాటేనేమో.

ముందు 'అన్' చేరితే ఇంకో తిరకాసు. అన్‌ఎక్సెప్షనబుల్ అంటే వంక పెట్టటానికి లేనిది. అది మెప్పే, కాకపోతే చప్పటి మెప్పు. అన్‌ఎక్సెప్షనల్ అంటే ఏ ప్రత్యేకతా లేని మామూలుది. కాబట్టి కాలేజీలో సారు నీ కాండక్ట్ సర్టిఫికెట్లో 'అన్‌ఎక్సెప్షనబుల్' అని రాస్తే కంగారుపడి ఆయన దగ్గరికి పరిగెత్తమాక. రెండో మాట రాస్తే మాత్రం పోయి, 'ఏంది సార్ ఇది' అని అడుగు.