కాగితం మీద కొండ.. గొట్టంలో చెరువు లెక్క

పావగడ: ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పావగడ తాలూకాలో చాలామంది పిల్లలకు ఇది మామూలే. ఉన్నది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో. మూడు పక్కలా ఆంధ్రప్రదేశే. ఇంట్లో 'మరవ' అన్నది బడికెళితే 'కోడి' అవుతుంది. రెండు భాషల పిల్లలకూ ఒకేలా అర్థమయ్యే కాగితం మాత్రం ఒకటుంది. అదే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు. పాత వరుసలో పావగడది 57 ఎఫ్/8. పటం మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు.

పటం పరిస్తే పిల్లలు మొదట అడిగేది "కొండ ఏదయ్యోరా?" అనే. కోటకొండ రోజూ కళ్లెదుటే ఉంటుంది. పటంలోనేమో గోధుమరంగు గీతల చుట్టలే. వీటినే కాంటూరు రేఖలంటారు. బోర్డు మీద ఎంత చెప్పినా ఇది తలకెక్కదు. బేసిన్లో బంకమట్టి కొండ చేసి, అంగుళం అంగుళం నీళ్లు పోస్తూ, నీటి అంచున మేకుతో గీత గీయాలి. నీళ్లు తీసి పైనుంచి చూస్తే పటంలోని చుట్టలే కనిపిస్తాయి. సంకటి ముద్ద చుట్టూ పప్పు పోసుకునే పిల్లలకు ఇదేమీ కొత్త కాదు!

పటంలో గీతకూ గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు దగ్గరైతే నిటారు, ఎడమైతే వాలు తక్కువ. 'వి' ఆకారంలో వంగి, మొన ఎగువకు చూస్తే అక్కడ వంక ఉన్నట్టు. నీళ్లుండే ఏరు నీలం, ఎండిన వంక నలుపు. ఈ సీమలో నలుపే ఎక్కువ. హిందూపురం దాటిన పెన్న ఈ తాలూకాలోకి వచ్చి, నాగలమడికె మీదుగా మళ్లీ ఆంధ్రలోకి పోతుంది. తిరుమణి సోలార్ పార్కు పాత పటాల్లో ఉండదు. పని మొదలైందే 2016 తర్వాత. దాన్ని పిల్లలే గుర్తించి గీయొచ్చు.

అసలు చిక్కు చెరువు దగ్గరే. వాన పడినా చెరువుకు నీళ్లెందుకు రావడం లేదో 20 మీటర్ల గీత చెప్పలేదు. కాలువ వాలు మీటరు, అరమీటరులోనే తేలిపోతుంది. ఆ పటం పిల్లలే గీయాలి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మేస్త్రీలు వాడే పారదర్శక నీళ్ల గొట్టం చాలు. సెంటీమీటర్లు గుర్తు పెట్టిన రెండు కర్రలకు రెండు కొసలూ కట్టాలి. కట్ట మీది రాయి ఒకటి సున్నా అనుకోవాలి. పది అడుగులకొకచోట కర్ర నిలిపి, రెండు కర్రల మీద నీటిమట్టం చదివితే ఆ తేడాయే ఎత్తు తేడా. గొట్టంలో గాలి బుడగ మిగిలితే లెక్కంతా తప్పుతుంది. సమానమైన ఎత్తులను 25 సెంటీమీటర్లకొక గీతగా కలిపితే పటం సిద్ధం.

కాలువ ఎక్కడ పూడిందో, ఏ దారి కింద తూము లేక నీళ్లు ఆగుతున్నాయో అందులో బయటపడుతుంది. చెరువు ఎండినప్పుడే ఈ పని చేయాలి. పటం పంచాయతీకి ఇచ్చేముందు మరవ పక్కన కోడి అని కూడా రాస్తే సరి.