మస్కట్ ద్రాక్ష: తీపి వేరు, పరిమళం వేరు

ఎండలు మొదలయ్యేసరికి నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ అంగళ్లకు ద్రాక్ష వస్తుంది. కొనేవాళ్లు అడిగేది ఒకటే మాట: తియ్యగా ఉందా? ఒక పండు నోట్లో వేసుకుని, పులుపు తగలకపోతే కిలో తూయించుకుంటాం. వాసన సంగతి ఎవరూ ఎత్తరు. మనకు ఎక్కువగా దొరికే థాంసన్ సీడ్‌లెస్ లాంటి రకాలకు చెప్పుకోదగ్గ వాసన లేకపోవడమే దానికి కారణం.

అయితే ద్రాక్షల్లో పరిమళానికే పేరుపడ్డ ఒక వంశం ఉంది. అదే మస్కట్. ఈ వంశంలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. తెల్లవి, గులాబిరంగువి, నల్లవి, సన్నవి, లావువి, ఎలా ఉన్నా పండు కొరికితే పువ్వు వాసన వస్తుంది. ప్రపంచంలో పేరున్న తియ్యటి వైన్లలో కొన్నింటిని వీటితోనే చేస్తారు. ఆ తీపి ఎక్కడిది, ఆ వాసన ఎక్కడిది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని విడదీసి చూస్తేనే మస్కట్ అర్థమవుతుంది.

మన దగ్గర ద్రాక్ష

నాగల్‌గిద్ద వైపు చేలల్లో కనిపించేవి పత్తి, కంది, పెసర, మినుము. కానీ ఈ ప్రాంతం ద్రాక్షకు పూర్తిగా పరాయిదేమీ కాదు. దేశంలో ద్రాక్ష పండే ఉష్ణ ప్రాంతాలను చెప్పేటప్పుడు శాస్త్రవేత్తలు నాసిక్, సాంగ్లి, బీజాపూర్, హైదరాబాద్ చుట్టుపక్కలతో పాటు పాత మెదక్ జిల్లానూ కలుపుతారు. ఇక్కడి చలి తీగను నిద్రపుచ్చేంతటిది కాదు. అందుకే రైతు ఏటా రెండుసార్లు కత్తిరిస్తాడు. వేసవిలో చేసే మొదటి కత్తిరింపు కొమ్మల కోసం, అక్టోబరు ప్రాంతంలో చేసే రెండోది కాపు కోసం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గెలలు కోతకు వస్తాయి.

తెలంగాణ ద్రాక్షకు పేరు తెచ్చిన రకం అనాబ్-ఎ-షాహి. హైదరాబాదులో దీన్ని వెలుగులోకి తెచ్చినవారు అబ్దుల్ బాఖర్ ఖాన్. పెద్ద గెల, కోలగా ఉండే తేనెరంగు పండు, దండిగా దిగుబడి. నగరం చుట్టూ ఒకప్పుడు దీని పందిళ్లు విరివిగా ఉండేవి. తర్వాత నీళ్లు తగ్గి, భూముల ధరలు పెరిగి, పందిళ్ల చోట ప్లాట్లు వెలిశాయి. అనాబ్-ఎ-షాహి రాజసమంతా ఆకారంలోనూ దిగుబడిలోనూ ఉంది. మస్కట్ పరిమళం దానికి లేదు.

మస్కట్ వంశంలో మనకు దగ్గర చుట్టం తమిళనాడులో ఉంది. తేని జిల్లా కంబం లోయలో పండే గులాబి ద్రాక్షే అది. అక్కడివాళ్లు పన్నీర్ ద్రాక్ష అంటారు. శాస్త్రీయంగా ఇది మస్కట్ హాంబర్గ్ రకం. చిన్నగా, గుండ్రంగా, ముదురు ఊదారంగులో ఉంటుంది. లోపల గింజలుంటాయి. కంబం పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

వంశవృక్షం

ఈ కుటుంబానికి మూలపురుషుడు చిన్నపండ్ల తెల్ల మస్కట్. మధ్యధరా తీరంలో చాలా పాతకాలం నుంచి ఉంది. దానికి మరో రకంతో సహజంగా సంకరం జరిగి మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా పుట్టింది. ఇది వేడిని బాగా తట్టుకుంటుంది, పండు లావు. దానికి పుట్టిన బిడ్డే మస్కట్ హాంబర్గ్, అంటే మన గులాబి. డీఎన్ఏ పరీక్షలతో ఈ చుట్టరికాలు రుజువయ్యాయి.

వాసన ఎలా వస్తుంది?

ద్రాక్షలో టెర్పీన్లు అనే పదార్థాలు తయారవుతాయి. మస్కట్‌లో ముఖ్యమైనవి లినలూల్, జెరానియోల్, నెరోల్. ధనియాల వాసన ప్రధానంగా లినలూల్‌దే. గులాబీ అత్తరులో జెరానియోల్ ఉంటుంది. మామూలు ద్రాక్షలో ఇవి మన ముక్కుకు అందనంత కొద్దిగా ఉంటాయి. మస్కట్‌లో టెర్పీన్ల తయారీకి మొదటి మెట్టుగా పనిచేసే ఒక జన్యువులో చిన్న మార్పు జరిగింది. దాంతో అవి కుప్పలుగా తయారవుతాయి.

వీటిలో కొంత భాగమే వాసనగా బయటపడుతుంది. మిగతాది చక్కెరతో ముడిపడి వాసన లేకుండా దాగి ఉంటుంది. తొక్కలో, దాని అడుగు పొరలో ఇవి ఎక్కువ. అందుకే వైన్ చేసేవాళ్లు పిండే ముందు తొక్కను రసంలో కొన్ని గంటలు నానబెడతారు. మితిమీరిన వేడికి ఇవి తగ్గిపోతాయి.

పులియడం ఆపితేనే తీపి

నారాయణఖేడ్ వైపు ఈత కల్లు తెలిసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉన్న కల్లు, సాయంత్రానికి ఘాటెక్కి తీపి పోగొట్టుకుంటుంది. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చడమే ఇందులో జరిగేది. ద్రాక్షరసం తీరూ అంతే. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. లీటరుకు 220 గ్రాముల చక్కెర ఉన్న రసం పూర్తిగా పులిస్తే 13 శాతం ఆల్కహాల్ వస్తుంది, తీపి మిగలదు. అలా పూర్తిగా పులియబెట్టిన మస్కట్ వైన్ ఫ్రాన్సులోని అల్సాస్‌లో ఉంది. కానీ తీపి పోయాక మస్కట్‌లో చిరుచేదు పైకి తేలుతుంది. అందుకే చాలా ప్రాంతాల్లో కొంత తీపిని నిలుపుకుంటారు. దానికి దారులు మూడు.

మొదటిది చలి. ఇటలీలో మోస్కాటో ద’ఆస్తి చేసేటప్పుడు ఆల్కహాల్ ఐదు శాతం దగ్గరకు రాగానే రసాన్ని బాగా చల్లబరిచి, ఈస్టును వడకట్టేస్తారు. పండు తిన్నట్టే ఉంటుంది.

రెండోది ద్రాక్ష నుంచి తీసిన సారాయి కలపడం. ఫ్రాన్సు దక్షిణాన రివ్‌సాల్ట్, బోమ్ ద వెనీజ్ వైన్లు ఇలా చేస్తారు. పులిసే మధ్యలో సారాయి పోస్తే ఆల్కహాల్ 15 శాతం దాటుతుంది, ఈస్టు పని ఆగుతుంది. లీటరుకు వంద గ్రాముల పైన చక్కెర మిగిలిపోతుంది. 13వ శతాబ్దం చివర మాంపెల్యేలో వైద్యం బోధించిన ఆర్నో ద విల్నవ్ పేరు ఈ పద్ధతికి ముడిపడి ఉంది.

మూడోది ఎండ. సిసిలీకి చెందిన పాంతెల్లేరియా దీవిలో గాలి ఉధృతి ఎక్కువ. అందుకని తీగలను గుంతల్లో, నేలబారుగా పెంచుతారు. ఈ సాగు విద్యకు 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కోసిన గెలలను ఎండబెట్టడంతో నీరు పోయి, చక్కెర, వాసన చిక్కబడతాయి. దక్షిణాఫ్రికాలోని కాన్‌స్టాన్షియా తోటలోనైతే పండును తీగ మీదే వాడనిస్తారు. సైమన్ వాన్ డెర్ స్టెల్ 1685లో నెలకొల్పిన ఎస్టేటు అది. సెయింట్ హెలీనా దీవిలో బందీగా ఉన్న నెపోలియన్ ఆ తోట వైన్ తెప్పించుకునేవాడు. 19వ శతాబ్దంలో క్షీణించిన ఆ వైన్‌కు 1986 పంటతో మళ్లీ ప్రాణం పోశారు.

మూడు దారుల్లోనూ బయటి చక్కెర ఒక్క చెంచా పడదు. పండులో ఉన్న తీపినే కాపాడుకుంటారు.

మన రైతుకు ఇందులో ఏముంది?

మన ఎండకు చక్కెర తేలిగ్గా ఎక్కుతుంది. చిక్కు వాసన దగ్గరే. ఇక్కడ పండు పండేది వేడి పెరిగే నెలల్లో. కంబం లోయకు పడమటి కనుమల అండ ఉంది, నాగల్‌గిద్దకు అది లేదు. బూజు తెగులు, బూడిద తెగులు కాచుకోవాలి. బోరు నీటిని లెక్క చూసుకోవాలి. కాబట్టి ఎవరైనా గులాబి ద్రాక్ష వేయాలనుకుంటే ముందు కొద్ది తీగలతో మొదలుపెట్టాలి. కోతను వేడి ముదరకముందే ముగించేలా కత్తిరింపు తేదీని సర్దుకోవాలి. తీపిని కొలిచే పరికరం ఒక్కదాన్నే నమ్మక, రోజూ పండును తొక్కతో నమిలి చూడాలి. చక్కెర సరిపడా ఉండి పరిమళం లేకపోతే అది మామూలు ద్రాక్ష ధరే పలుకుతుంది. మస్కట్‌కు ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఆ పరిమళం కోసమే పెడతారు.