వార్తల్లో పదం: మోనోక్లోనల్ యాంటీబాడీ

కొవ్వూరు మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌ మీద గీత పడేలా చేసేది మోనోక్లోనల్ యాంటీబాడీయే. ఒకే కణం సంతతి నుంచి పుట్టి, ఒకే లక్ష్యాన్ని పట్టుకునే ప్రొటీన్ అది. తయారీ పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ కనుగొన్నారు. 1984లో నోబెల్ అందుకున్నారు.

చిట్టెలుకల మీద సాగే రోగనిరోధక పరిశోధనలో ఈ యాంటీబాడీ లేకపోతే పని నడవదు. సూక్ష్మదర్శినిలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా పైపొర ప్రొటీన్లలో ఉంది: సహాయక కణాలపై సీడీ4, సంహారక కణాలపై సీడీ8. చిట్టెలుక శరీరం సొంత ప్రొటీన్‌ను పరాయిదిగా చూడదు కాబట్టి, చాలాసార్లు ర్యాట్ జాతి ఎలుకకు ఆ ప్రొటీన్‌ ఎక్కించి, దాని ప్లీహంలోని కణాన్ని క్యాన్సర్ కణంతో కలుపుతారు. ఆ జంటకణం పెరుగుతూ యాంటీబాడీని ఇస్తూనే ఉంటుంది. ఆ యాంటీబాడీకి మెరిసే రంగు అతికించి, కణాలకు పట్టించి, వాటిని ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో లేజర్ ముందు వరసగా పంపితే సెకనుకు వేల కణాల లెక్క తేలుతుంది.

గుర్తుపట్టడానికే కాదు, ప్రొటీన్ల పనిని అడ్డుకోవడానికీ ఇవే వాడతారు.

కొత్తగూడెం నుంచి వెళ్లి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన కన్నెగంటి తిరుమలాదేవి అమెరికాలోని సెయింట్ జూడ్ పరిశోధనాసుపత్రిలో శాస్త్రవేత్త. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక ప్రొటీన్లు కలిస్తే కణాలు మూకుమ్మడిగా చస్తాయని ఆమె బృందం 2021లో ‘సెల్’ పత్రికలో చూపింది. ఆ రెండింటినీ నిలిపే యాంటీబాడీలు కోవిడ్ వైరస్ సోకిన చిట్టెలుకలను మరణం నుంచి కాపాడాయి. తెలుగువారు గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇది. అయితే చిట్టెలుక ప్రొటీన్‌కు చేసిన యాంటీబాడీ మనిషి ప్రొటీన్‌ను చాలావరకు పట్టుకోదు. మనిషికి వేరుగా తయారుచేయాల్సిందే.