వంటింట్లో నల్లబీరు... నెలరోజుల ఓపిక!

డబ్బా తెచ్చుకుని ఇంట్లోనే పులియబెట్టుకుంటున్న ఇంగ్లండు వాసులు

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే తాగాడంటారని మన సామెత. ఇంగ్లండులో ఈ సామెత చెల్లదు. అక్కడ కొన్ని ఇళ్లలో వంటింటి మూల, పిల్లల స్కూలు సంచుల పక్కనే, మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ బకెట్ ఒకటి కనిపిస్తుంది. మూత మీది చిన్న గొట్టం గుడగుడమని బుడగలు వదులుతుంటుంది. అందులో ఉన్నది బీరు! ఇంటాయన దాన్ని దాచిపెట్టడు. పోలీసులొస్తారన్న భయం అంతకంటే లేదు. ఇంటి అవసరానికి బీరు చేసుకోవడం ఆ దేశంలో నేరం కాదు మరి.

అలా చేసుకునే వాటిలో చాలామందికి ఇష్టమైనది 'స్టౌట్' అనే నల్లబీరు. చూడటానికి కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. పైన లేత గోధుమరంగు నురగ. రుచిలో కొంచెం చేదు, కొంచెం మాడు వాసన. ఆ మాడు వాసన పొరపాటున వచ్చింది కాదు, కావాలని తెచ్చిందే. బార్లీ గింజలను కాఫీ గింజల్లా నల్లగా వేయించి కలిపితేనే స్టౌట్‌కు ఆ రంగు, ఆ రుచి వస్తాయి.

హమాలీలు తాగిన బీరు

18వ శతాబ్దంలో లండన్ వీధుల్లో మూటలు మోసే హమాలీలు ఒక ముదురు రంగు బీరును ఇష్టంగా తాగేవారు. హమాలీని ఇంగ్లీషులో పోర్టర్ అంటారు కనుక ఆ బీరుకూ 'పోర్టర్' అనే పేరు స్థిరపడింది. అందులో ఘాటైన రకాన్ని 'స్టౌట్ పోర్టర్' అన్నారు. కాలక్రమంలో ఒట్టి 'స్టౌట్' మిగిలింది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన గింజలను తిరిగే డ్రమ్ములో వేసి వేయించే పద్ధతికి పేటెంటు పొందాడు. బీరుకు నిజమైన నలుపు అక్కడి నుంచే వచ్చింది.

ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో ఆర్థర్ గిన్నిస్ 1759లో ఒక బీరు కర్మాగారాన్ని కౌలుకు తీసుకున్నాడు. ఏడాదికి 45 పౌన్లు. కౌలు గడువు ఎంతనుకున్నారు? అక్షరాలా 9,000 సంవత్సరాలు! ప్రపంచంలో స్టౌట్ అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు నేటికీ ఆయనదే.

సగం పని డబ్బాలోనే

మన ఇళ్లలో పసిపిల్లలకు రాగి మాల్టు చేసే తల్లులకు బీరు తయారీలో మొదటి మెట్టు తెలిసినట్లే. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయిస్తారు కదా! బార్లీకి చేసేదీ అదే. గింజ మొలకెత్తేటప్పుడు అందులోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చే రసాలు పుడతాయి. మొలక బార్లీని నలగ్గొట్టి వేడినీళ్లలో నానబెడితే తియ్యని రసం దిగుతుంది. దాంట్లో 'హాప్స్' అనే తీగకు కాసే చేదు పూలు వేసి మరిగిస్తారు. ఆ చేదు తీపిని సరిచేస్తుంది, త్వరగా చెడిపోకుండా కూడా కాపాడుతుంది.

ఈ పనంతా ఇంట్లో చేయాలంటే పెద్ద గుండిగలు, ఒక పూట సమయం కావాలి. అందుకే కంపెనీలు ఆ రసాన్ని చెరకు పాకంలా చిక్కగా ఇగరబెట్టి డబ్బాల్లో అమ్ముతున్నాయి. సాధారణంగా డబ్బా బరువు కిలోన్నర పైన, కిలో ముప్పావు లోపల ఉంటుంది. మూత కింద ఈస్టు పొట్లం ఒకటి పెడతారు. ఒక డబ్బాతో దాదాపు 23 లీటర్ల బీరు తయారవుతుంది.

చేసే విధానం విడ్డూరమేమీ కాదు. డబ్బాను వేడినీళ్లలో ఉంచి పాకాన్ని పలచబరుస్తారు. బకెట్‌లో పోసి, కిలో చక్కెర, రెండు మూడు లీటర్ల మరిగిన నీళ్లు కలిపి కరిగిస్తారు. తర్వాత చన్నీళ్లతో 23 లీటర్ల గీత వరకు నింపి, చల్లారాక ఈస్టు చల్లి మూత పెడతారు.

అమ్మమ్మ జాడీ నియమం

చెప్పడానికి ఇంతే గాని, బీరు చెడిపోవడానికి దారులు చాలా ఉన్నాయి. మొదటిది మురికి. ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెట్టనివ్వని అమ్మమ్మలు మనకు తెలుసు. బీరు చేసేవాడి నియమం అంతకంటే కఠినం. బకెట్, మూత, గరిటె, గొట్టం, సీసాలు అన్నీ కడగాలి. కడిగాక క్రిములు చచ్చే మందునీళ్లలో ముంచాలి. కంటికి శుభ్రంగా ఉంటే చాలదు. ఎక్కడో ఒక గీతలో దాగిన పుల్లటి క్రిమి 23 లీటర్లనూ వెనిగర్ చేసి వదిలిపెడుతుంది.

రెండోది వేడి. మరుగుతున్న పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకుంటుందా? ఈస్టూ అంతే. వేడి రసంలో వేస్తే చస్తుంది. మరీ చల్లగా ఉంటే, చలికాలపు ఇడ్లీ పిండిలా పొంగకుండా పడుకుంటుంది. స్టౌట్‌కు 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ వేడి అనువైనది. ఇంగ్లండు చలికాలంలో బకెట్‌కు కంబళి చుట్టేవాళ్లున్నారు.

ఈస్టు జీవమున్న పదార్థమని, పులియడం దాని పనేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ వివరించాడు. బీరు మీద ఆయన రాసిన గ్రంథం 1876లో వెలువడింది. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే రకం ఈస్టును కలుపు లేకుండా పెంచి చూపాడు. మన కల్లుకు ఈస్టు వేసేవాళ్లెవరూ లేరు. అది గాలిలోంచి, లొట్టిలోంచి దానంతట అదే వచ్చి చేరుతుంది. అందుకే పొద్దున తియ్యగా దిగిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది. నీరా కోసం లొట్టికి సున్నం పూసేది ఆ పులుపును ఆపడానికే. కల్లులో ఒక్క పూటలో జరిగేది నల్లబీరులో ఒకటి రెండు వారాలు పడుతుంది.

తొందరపడితే సీసా పేలుతుంది

అసలు పరీక్ష ఇక్కడ వస్తుంది. నాలుగైదు రోజులయ్యేసరికి బుడగలు తగ్గుతాయి. పని అయిపోయిందనిపిస్తుంది. సీసాల్లో నింపేద్దామని చెయ్యి దురద పెడుతుంది. కొత్తగా దిగినవాడు దెబ్బతినేది సరిగ్గా అప్పుడే.

పాలకేంద్రంలో పాలలో వేసి చూసే లాక్టోమీటరు మనందరికీ తెలిసిందే. బీరు చేసేవాడి దగ్గరా అలాంటి గాజు పరికరమే ఉంటుంది. పేరు హైడ్రోమీటరు. రసంలో చక్కెర ఎక్కువుంటే అది పైకి తేలుతుంది, చక్కెర తగ్గేకొద్దీ మునుగుతుంది. మొదటి రోజు 1.045 చూపిన అంకె, ఈస్టు పని ముగిసేసరికి 1.012కు దిగిందనుకుందాం. ఈ రెండింటి తేడాను 131తో హెచ్చవేస్తే 4.3 వస్తుంది. అంటే ఆ బీరులో మద్యసారం 4.3 శాతం. అంకె రెండు మూడు రోజులపాటు కదలకుండా ఒకేచోట నిలిస్తేనే సీసాలు నింపాలి. బుడగలను నమ్మరాదు, అంకెను నమ్మాలి.

నింపేటప్పుడు సీసాలో లీటరుకు ఆరు గ్రాముల చక్కెర వేస్తారు. మిగిలిన ఈస్టు దాన్ని తిని వదిలే వాయువే బీరుకు సోడాలాంటి పొంగు ఇస్తుంది. కాని అంకె 1.020 దగ్గర ఉండగానే నింపేస్తే? లీటరుకు మరో 20 గ్రాముల చక్కెర లోపల మిగిలి ఉన్నట్లే. వేయవలసిన దానికి మూడింతలకు పైన అదనం! వాయువుకు దారి లేక గాజు సీసా పేలుతుంది. పెంకులు గోడలకు గుచ్చుకుంటాయి. మనిషి ఎదురుగా ఉంటే కన్నే పోవచ్చు. కొత్తవాళ్లు గాజు మాని, దళసరి ప్లాస్టిక్ సీసాలు వాడటం మేలని చెప్పేది ఇందుకే. ప్లాస్టిక్ సీసాను వేలితో నొక్కితే లోపలి ఒత్తిడి ఎంతుందో చేతికి తెలిసిపోతుంది.

నింపాక రెండు వారాలు వెచ్చని చోట, మరో రెండు వారాలు చల్లని చోట ఉంచాలి. స్టౌట్‌ను ఇంకా కొన్ని వారాలు ఆపితే ఘాటు తగ్గి రుచి కుదురుకుంటుంది.

ఎవరి చెయ్యి వారి రుచి

ఒకే బస్తా కందిపప్పు తెచ్చుకున్నా పది ఇళ్లలో పప్పు పది రుచులుంటుంది. డబ్బా బీరూ అంతే. కాస్త చెయ్యి తిరిగినవాళ్లు డబ్బా మీద రాసినట్లు చేసి ఊరుకోరు.

మొదటి మార్పు చక్కెరతో మొదలవుతుంది. ఒట్టి తెల్ల చక్కెరను ఈస్టు పూర్తిగా తినేస్తుంది కనుక మద్యసారం పెరుగుతుంది గాని బీరు పలచబడుతుంది. దానికి బదులు మాల్టు పొడి వేస్తే చిక్కదనం వస్తుంది. ఖర్చు కూడా పెరుగుతుంది. అందుకని సగం అది, సగం ఇది వేసేవారున్నారు.

రెండోది వేయించిన బార్లీ. పావుకిలో నలగ్గొట్టి గుడ్డలో మూటగట్టి, రెండు లీటర్ల వేడినీళ్లలో అరగంట నానబెడతారు. నీళ్లు మరగకూడదు, 65-70 డిగ్రీలు చాలు. మూట తీసేసి, ఆ కషాయాన్ని పది నిమిషాలు మరిగించి చల్లార్చి బకెట్‌లో కలుపుతారు. డబ్బా బీరుకు లేని తాజా వాసన దీనితో వస్తుంది.

కాఫీ ఇష్టపడేవారు చన్నీళ్లలో రాత్రంతా నానిన డికాక్షన్‌ను పులియడం ముగిశాక కలుపుతారు. ఓట్స్ వేస్తే నోటికి మెత్తగా తగులుతుంది. కాని ఓట్స్ ఒక్కటే నానబెడితే మిగిలేది గంజే. పిండిని చక్కెర చేసే మొలక బార్లీ కూడా దానితో ఉండాలి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ కలిపితే 'మిల్క్ స్టౌట్'. బీరు ఈస్టు లాక్టోజ్‌ను తినలేదు కనుక ఆ తీపి అలాగే మిగులుతుంది. పాలు పడనివారికి ఈ బీరూ పడదు.

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి ఒకటుంది. ఒక్కో విడతకు ఒక్కటే మార్పు. ఏ తేదీన ఏది ఎంత వేశారో నోటుపుస్తకంలో రాసిపెట్టుకోవడం. నాలుగూ ఒకేసారి వేస్తే, బాగా వచ్చినా చెడిపోయినా కారణం తెలియదు.

చట్టం ఏమంటోంది?

ఇంగ్లండులోనూ ఈ స్వేచ్ఛ ఎప్పుడూ ఉన్నది కాదు. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు మీద పన్ను తీసేసి బీరు మీద వేసింది. అప్పటినుంచి ఇంట్లో చేసుకునేవారికి లైసెన్సు తప్పనిసరైంది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ బడ్జెట్‌లో ఆ లైసెన్సు ఎత్తేశాడు. ఇంటికి, స్నేహితులకు చేసుకోవచ్చు. ఒక్క సీసా అమ్మినా నేరం. బట్టీ పెట్టి సారా దించడం అక్కడా నేరమే. మన జిల్లాల పిల్లలు ఎందరో ఉంటున్న అమెరికాలో కేంద్ర ప్రభుత్వ అనుమతి 1978లో చేసిన చట్టంతో వచ్చింది. చివరి రెండు రాష్ట్రాలు మిసిసిపి, అలబామా 2013లో ఒప్పుకున్నాయి.

మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం అబ్కారీ చట్టం ప్రకారం శిక్షార్హం. ఈ వ్యాసం చదివి ఎవరూ బకెట్ వెతకవద్దని మనవి.

బలం మాట వట్టిదే

నల్లబీరు ఒంటికి బలమనే నమ్మకం ఒకప్పుడు ఆ దేశాల్లో బలంగా ఉండేది. 1929లో గిన్నిస్ కంపెనీ తన బీరు ఆరోగ్యానికి మంచిదని ప్రకటనలే ఇచ్చింది. బాలింతలకు సైతం తాగించేవారు. అందులో ఇనుము ఉన్నది లెక్కలోకి రానంత. ఏ మోతాదు మద్యమూ ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గ్లాసులో ఏముంది?

ఇంట్లో చేసుకునే ఆ ఇంగ్లండు మనిషిని చూసి మనం తెలుసుకోవలసింది ఒకటుంది. తన గ్లాసులో ఏముందో అతనికి తెలుసు. బార్లీ, హాప్స్, ఈస్టు, నీళ్లు, చక్కెర. తేదీతో సహా పుస్తకంలో రాసి ఉంటుంది. మన దగ్గర చెట్టు కల్లు కరువైన చోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. అలవాటైన వారికి ఒక్కసారిగా అది దొరక్కపోతే మతి తప్పినట్లు ప్రవర్తించి ఆసుపత్రుల పాలైన సంఘటనలూ ఉన్నాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో ఎవరికీ తాము తాగుతున్నదేమిటో తెలియదు.

పాలు పోసే రైతు పాలకు ప్రతి పూటా పరీక్ష ఉంది. అంకె తగ్గితే డబ్బు తగ్గుతుంది. కూలి డబ్బుతో కల్లు కొనుక్కునే మనిషికి మాత్రం అలాంటి పరీక్ష ఎదురుగా చేసి చూపేవాళ్లు లేరు. నిజాయితీగా చెట్టెక్కి కల్లు దించే గీత కార్మికుడికి కూడా ఆ పరీక్ష మేలే చేస్తుంది. దుకాణంలో పోసేదేమిటో అడిగే హక్కు తాగేవాడికి ఉంది. తాగనివాడికి, ఆ ఇంటి ఆడవాళ్లకు అంతకంటే ఎక్కువగా ఉంది.