పలక పలికే చోటు

ఉపమాక వెంకన్న కల్యాణానికి కట్టిన గొట్టం మైకుకు ఎదురుగా నిలబడితే చెవులు హోరెత్తుతాయి. నాలుగడుగులు పక్కకు జరిగితే మాటలో స్పష్టత పోతుంది. కారణం సులువే. స్వర స్థాయి (ఫ్రీక్వెన్సీ) పెరిగేకొద్దీ గొట్టమైనా, మామూలు స్పీకర్‌లోని కాగితపు గరాటైనా శబ్దాన్ని ఎదుటివైపుకే ఎక్కువగా పంపుతుంది.

పలక స్పీకర్ పద్ధతి వేరు. ఇందులో గరాటు ఉండదు. అయస్కాంతం, తీగచుట్ట మాత్రమే ఉన్న ఎక్సైటర్ అనే చిన్న బిళ్లను తేలికైన, గట్టి పలకకు అతికిస్తారు. పలక మొత్తంగా ముందుకూ వెనక్కూ కదలదు. నీటి మీద అలల్లా దాని ఒంటి మీద వంపులు పరుగెత్తుతాయి. ఒక్కో స్థాయికి ఒక్కో చోట కంపిస్తూ గది నలుమూలలకూ ధ్వనిని పంచుతుంది. బ్రిటన్ రక్షణ పరిశోధనల్లో పుట్టిన ఈ ఆలోచనను 1990ల్లో ఎన్ఎక్స్‌టీ సంస్థ మార్కెట్‌కు తెచ్చింది. 2017లో వచ్చిన సోనీ ఏ1 టీవీలో తెరే స్పీకర్.

మనకిది కొత్త కాదు. బొబ్బిలి వీణలో తీగ ఒక్కటే మోగితే పక్కగదికి కూడా వినిపించదు. తీగ కంపనం, దాన్ని మోసే గుర్రం మీదుగా పనస చెక్క పలకకు దిగాకే నాదం నిండుతుంది. ఎక్సైటర్ చేసేది ఆ గుర్రం పనే.

ఇంట్లో చేసి చూడాలంటే 63 సెంటీమీటర్ల పొడవు, 42 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గట్టి థర్మాకోల్ షీటు చాలు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను రెండు వైపులా పలుచగా పూసి ఆరబెడితే పైపొర బిగుసుకుని ధ్వని తేటపడుతుంది. ఫెవిక్విక్ జోలికి వెళ్లొద్దు, అది థర్మాకోల్‌ను కరిగిస్తుంది. ఎక్సైటర్‌ను చిన్న ఆంప్లిఫయర్ బోర్డుకు కలిపి, పలకను రెండు దారాలతో వేలాడదీయాలి. అంచులన్నీ బిగిస్తే గొంతు నొక్కినట్టే.

అసలు కీలకం ఎక్సైటర్ అతికించే చోటు. చాలామంది నట్టనడుమ అతికిస్తారు. కానీ ఎన్నో కంపన రూపాలకు నడుమే కదలని చోటు. అక్కడ ఎంత నెట్టినా ఆ స్వరాలు మేలుకోవు. పొడవులో 9కి 4 వంతులు, వెడల్పులో 7కి 3 వంతులు కొలవండి. మన పలకకు అది ఒక మూల నుంచి 28, 18 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. నడుమకు దగ్గరే, కానీ నడుమ కాదు.

ఈ కదలని చోట్లను కంటితో చూడొచ్చు. ఎక్సైటర్ కిందికి వచ్చేలా పలకను నాలుగు స్పాంజి ముక్కల మీద పరిచి, రాజయ్యపేట తీరంలోని సన్నటి పొడి ఇసుకను పలుచగా చల్లండి. ఫోన్‌లో ఒకే స్థాయి స్వరం మోగించి, ఆంప్లిఫయర్ ద్వారా పలకకు పంపుతూ, ఆ స్థాయిని మెల్లగా పెంచుతూ పోండి. ఒకచోట ఇసుక రేణువులు చిందులేసి, కదలని గీతల మీదికి చేరి ముగ్గులా నిలుస్తాయి. స్వరం మారితే ముగ్గు చెదిరి మరొకటి కుదురుకుంటుంది. 1787లో జర్మనీలో క్లాడ్ని అనే శాస్త్రవేత్త లోహపు పలకల మీద ఇవే గీతలు చూపించాడు. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ కూడా మృదంగం మూత మీద ఇసుక చల్లి, ఆ రూపాలను 1934 నాటి పరిశోధనా పత్రంలో చూపించారు.

ఈ పలక స్పీకర్‌కు ఒక పరిమితి ఉంది. మాట, గాత్రం, వేణువు బాగా పలుకుతాయి. డప్పు, డోలు మోతలోని అడుగు స్థాయి మాత్రం ఈ కొలత పలకకు అందదు. దానికి పక్కన ఒక మామూలు డబ్బా స్పీకర్ పెట్టాల్సిందే.

అయినా ధ్వని పాఠానికి ఇంత చవకైన ప్రయోగశాల అరుదు. నక్కపల్లి చుట్టుపక్కల బడుల్లోని సైన్సు మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి తరంగాల పాఠం చెప్పేటప్పుడు బల్ల మీద ఒక థర్మాకోల్ పలక, గుప్పెడు ఇసుక పెట్టండి. ఎక్సైటర్ ఎక్కడ అతికించాలో పిల్లలనే వెతకనివ్వండి.