కాష్‌ను దాటి పోయే మెమరీ

ప్రోగ్రాములకూ పరికరాలకూ మెమరీని పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ అంతర్భాగాన్ని కెర్నెల్ అంటారు; ప్రాసెసర్ ఇటీవల వాడిన సమాచారపు నకలును చేరువలోనే దాచుకునే చిన్న, వేగవంతమైన నిల్వను కాష్ అంటారు. పిఠాపురం బజారులో పాత పద్ధతిలో పద్దులు రాసే దుకాణంలో బేరాలు ముందు చిట్టాకెక్కి, తీరికగా ఆవర్జాలోకి మారినట్లే, ప్రాసెసర్ రాసిన అంకె కొంతసేపు కాష్‌లోనే నిలిచి, ఆ తరువాత మెమరీకి చేరుతుంది; ఈలోగా మెమరీని నేరుగా చదివే పరికరానికి, ఆవర్జా ఒక్కటే చూసినవారికి మల్లే, పాత అంకె దొరికే ప్రమాదం ఉంది. అందువల్ల మెమరీలోని కొన్ని పేజీలను, అంటే స్థిర పరిమాణపు ముక్కలను, కాష్‌తో సంబంధం లేకుండా కేటాయించవలసి వస్తుంది. ఆ పని చేసే కెర్నెల్ భాగమే అన్‌కాష్డ్ అలొకేటర్.

ఇలాంటి అవసరం పెద్ద కంప్యూటర్లలో ఏర్పడింది. వ్యోమగామి కల్పనా చావ్లా స్మృత్యర్థం 2004లో నాసా ఏమ్స్ కేంద్రం ‘కల్పన’ అని పేరు పెట్టిన కంప్యూటర్, సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ తయారుచేసిన ఆల్టిక్స్ శ్రేణిలోనిది. అందులో 512 ఐటానియం-2 ప్రాసెసర్లు ఒకే లినక్స్ కెర్నెల్ కింద పనిచేసేవి. అన్ని ప్రాసెసర్లు ఒకే అంకెను పెంచవలసి వస్తే, దాని నకలు ఒక కాష్ నుంచి మరొక కాష్‌కు తిరుగుతూ కాలమంతా హరించుకుపోతుంది కనుక, ఆ కూడికను మెమరీ చెంతనే జరిపే ఏర్పాటు ఆల్టిక్స్‌లో ఉండేది. దానికి కాష్‌ను దాటి పోయే చిరునామాలు కావాలి. ఇందుకోసం జెస్ సోరెన్సెన్ రాసిన అలొకేటర్ 2005లో లినక్స్‌లో చేరింది.

దీని రూపకల్పనలో అసలు కష్టం ఖాళీ పేజీలను వెతకడంలో లేదు, వాటి పూర్వపు జాడలను చెరపడంలో ఉంది. ఒకే పేజీ కాష్ ద్వారానూ, కాష్ లేకుండానూ కనిపిస్తే ఐటానియంలో సమాచారం చెడిపోవచ్చు, యంత్రమే ఆగిపోవచ్చు. పైగా ప్రాసెసర్ ఎవరూ అడగని సమాచారాన్ని కూడా ముందుచూపుతో తెచ్చుకుంటుంది. ఐటానియంలో కెర్నెల్ తన మెమరీని 16 మెగాబైట్ల వంటి పెద్ద ఖండాలుగా చూసేది కాబట్టి, ఖండంలో ఒక్క పేజీని మార్చడం కుదిరేది కాదు. అందుచేత ఈ అలొకేటర్ ముందుగా, ఖండాల లెక్కకు అందక మిగిలిన పేజీలను వాడి, అవి చాలనప్పుడే పూర్తి ఖండాన్ని తీసుకునేది. పాత చిరునామా అనువాదాలను తొలగించి, ముందస్తు చదువులను అణచి, కాష్‌లోని సమాచారాన్ని మెమరీకి పంపి, ప్రతి ప్రాసెసర్‌లోనూ దారిలో ఉన్న లావాదేవీలు ముగిసేదాకా వేచి, అప్పుడే ఆ ఖండాన్ని సంబంధిత మెమరీ విభాగపు నిధిలో చేర్చేది. విడుదలైన పేజీలు ఆ నిధికే తిరిగి వచ్చేవి, సాధారణ మెమరీలో కలిసేవి కావు. ఇది వృథాగా తోచినా, ఇంత ఖరీదైన మార్పిడిని మాటిమాటికీ చేయకపోవడమే వివేకం.

2024 జనవరిలో వెలువడిన లినక్స్ 6.7లో ఐటానియంతోపాటు ఈ అలొకేటర్ కూడా తొలగిపోయింది. అయితే మొబైల్ ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లలోనూ ఒకే మెమరీకి పొంతనలేని లక్షణాలు ఉండడం ప్రమాదకరమే కనుక, పరికరాలకు కాష్ లేని మెమరీ ఇచ్చే ముందు కెర్నెల్ నేటికీ కాష్‌ను శుభ్రపరుస్తుంది.